వంటింటికి వెళ్లిన మీటరు కొండ

మీరంతా కాలేజీల్లో జియాలజీ చదువుకుని ఉద్యోగానికి వచ్చినవాళ్లు. అవక్షేప శిల అంటారు, స్తరతలం అంటారు. మేం చదువు తక్కువవాళ్లం కాబట్టి పొరరాయి, పొరగీత అనేవాళ్లం. మొన్న మీలో ఒకమ్మాయి ఫోన్ చేసి, "రాతిలో పొరలు ఎలా ఏర్పడతాయో మీ అనుభవంలోంచి రాయండి, పుస్తకాల్లో ఉన్నది వద్దు" అంది. అలా అడిగినందుకు ఆ అమ్మాయి తరువాత బాధపడవచ్చు. ఈ విషయంలో నా అసలు అనుభవం ఒక్క మీటరు పొడవు మాత్రమే. ఆ మీటరు వల్ల నా ఉద్యోగం పోబోయింది, పెళ్లి ఆగింది, ఒక అక్క గుడిసె లేచిపోబోయింది. పేర్లు రాయను. ఇందులో కొందరు ఇంకా ఉన్నారు, ఉన్నవాళ్లకి కోపం ఎక్కువ.

బస్తర్‌కి దక్షిణాన, కిరందుల్ రైలు లైను చివర, ఇనుపరాయి కొండల మీద తవ్వకం ఊపందుకుంటున్న రోజులవి. మాది విజయనగరం వైపు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఉన్న మా మేనమామ ఎవరెవరినో పట్టుకుని నన్ను కొండెక్కించాడు. కోర్ షెడ్డులో టెంపరరీ అటెండరుగా చేరాను. కోర్ అంటే పెద్ద విషయమేం కాదు. డ్రిల్లింగ్ గొట్టం మూతికి వజ్రపు పళ్లుంటాయి. అది తిరుగుతూ కొండలోకి దిగితే గొట్టం లోపల గుండ్రటి రాతికడ్డీ మిగులుతుంది. దాన్ని ముక్కలుగా పైకి తీసి, చెక్కపెట్టెల్లో వరసగా పేర్చాలి. ప్రతి మీటరుకీ లోతు రాసిన చెక్కబిళ్ల పెట్టాలి. వరస తప్పకూడదు, ముక్క పోకూడదు. కడగడం, పేర్చడం, కాపలా కాయడం, ఇంతే నా ఉద్యోగం.

ఆరు నెలలు బుద్ధిగా ఉంటే సారు రిపోర్టు రాస్తారు, పర్మనెంటు అవుతాను. పర్మనెంటైతే పెళ్లి. పిల్ల తండ్రి అదే లైనులో కింది స్టేషన్లో కీమాన్. రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన కీలను సుత్తితో బిగించడం ఆయన పని. వారం వారం మా మేనమామ చేత కబురు పెట్టేవాడు. "అబ్బాయికి అయిందా?" ఒకటే మాట. ఆయన తన పట్టాలను కూడా నన్నంత అనుమానంగా చూసి ఉండడు.

సారంటే మా జియాలజిస్టు. గోదావరి వైపు మనిషి. సన్నగా ఉండేవారు, మెడలో ఎప్పుడూ భూతద్దం. రాయి చేతికొస్తే ముందు చూసేవారు, తరువాత నాలుకతో తడిపేవారు. తడిస్తే పొర బాగా కనిపిస్తుందట. నేను చేరిన వారంలోనే ఒక ముక్క చూపించి పాఠం చెప్పారు. నల్లటి ఇనుపచారలూ ఎర్రరాయి చారలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగయ్యా. నీళ్లలో ఉన్నది నెమ్మదిగా కిందికి దిగింది. కొన్నాళ్లు ఇది, కొన్నాళ్లు అది. దిగడం ఆగినచోటో, మారినచోటో గీత పడింది."

"ఆగినచోట ఏం జరిగింది సార్?"

"ఏమీ జరగలేదు. ఆ జరగకపోవడమే నీకు గీతలా కనిపిస్తోంది" అన్నారు.

నాకు ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు గట్టిగా తలూపాను. టెంపరరీ ఉద్యోగులందరికీ ఆ విద్య వచ్చు.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఎండాకాలంలో సారుకి మలేరియా తిరగబెట్టి విశాఖపట్నం ఆస్పత్రికి వెళ్లారు. ఆయన లేనప్పుడే కొండవాలున ఒక కొత్త బోరు వేశారు. దాని పెట్టెలు షెడ్డుకి వచ్చాయి. సారు చూసి రిజిస్టరులో రాసేదాకా వాటిని నేను కాపాడాలి.

మా క్యాంపు మెస్సులో కొంటా ఊరి నుంచి వచ్చిన ఒక అక్క వంట చేసేది. ఆమె భర్త లోడింగు కూలీ. కొత్త బోరు వేసిన వాలు కిందే లేబర్ గుడిసెలుండేవి, అందులో ఒకటి వాళ్లది. తెలుగు, హిందీ, గోండీ, దొర్లీ నాలుగు భాషల్లోనూ తిట్టగలిగేది. తిట్టినా ఆమె చేతి చేపల పులుసు కోసం డ్రిల్లర్లు షిఫ్టులు మార్చుకునేవాళ్లు. ఒకరోజు పొద్దున్నే షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"తమ్మీ, నా పొత్రం ఇరిగింది. మసాలా నూరుడు లేదు, ఇయ్యాల నీళ్ల కూరే. ఏంజేస్తవో చూడు."

సన్నికల్లు మీద అటూ ఇటూ లాగి నూరే గుండ్రాయి అది. నేను ముందురోజు నుంచీ పులుసు మీద ఆశ పెట్టుకుని ఉన్నాను. అప్పుడే విప్పిన పెట్టెలో అటూ ఇటూ నల్లటి ఇనుపరాయి, నడుమ సరిగ్గా ఒక మీటరు ఎర్రరాయి. గట్టిగా, నున్నగా, చేతికి పట్టేంత లావు. నా బుర్ర చురుగ్గా పనిచేసింది. కంపెనీకి కావలసింది ఇనుము. ఈ ఎర్రరాయి ఎందుకూ పనికిరాదని అందరూ అంటారు. అలాంటప్పుడు ఎవడడుగుతాడు?

పొడుగు ముక్క పొత్రానికిచ్చాను. రెండోది చపాతీలు ఒత్తడానికి. మిగిలినవి మెస్సు టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువుకి. ఆ మధ్యాహ్నం నా పళ్లెంలో రెండు చేపముక్కలు ఎక్కువ పడ్డాయి. చాలా తృప్తిగా తిన్నాను.

మూడు రోజుల తరువాత హెడ్డాఫీసు నుంచి కబురు. మూడు వారాల్లో ఒక పెద్దాఫీసరు తనిఖీకి వస్తాడు, కొత్త బోరు పెట్టెలన్నీ స్వయంగా చూస్తాడు. నా పెట్టెలో మీటరు ఖాళీ. కొన్నిసార్లు రాయి పిండై నీళ్లతో కొట్టుకుపోతుంది, అలా పోయిందని రాసుకోవచ్చు. కానీ మా డ్రిల్లరు తన పుస్తకంలో ఒక్క అంగుళం కూడా పోలేదని గొప్పగా రాసి సంతకం పెట్టేశాడు. అంటే పోయింది షెడ్డులోనే. షెడ్డంటే నేనే. కీమాన్ గారి ముఖం కళ్ల ముందు కదిలింది.

మెస్సుకి పరిగెత్తాను. బరువుకి పెట్టిన రాళ్లలో కొన్ని కుక్కల మీద విసరగా లోయలో పడ్డాయట. చపాతీల రాయి కిందపడి మూడు ముక్కలై పొయ్యి కింద చేరింది. పొడుగుది మాత్రం పసుపూ కారమూ పూసుకుని సన్నికల్లు మీద ఉంది.

"అక్కా, ఆ రాయి తిరిగి ఇచ్చెయ్యవా?"

"నువ్వే ఇస్తివి గదా. ఇచ్చింది మళ్ల అడుగుతరా ఏంది?"

"అది కంపెనీదక్కా."

"చేపముక్కలు నావి. అవి తెచ్చియ్, రాయి తీసుకపో."

తిన్న చేప ఎక్కడినుంచి తేను? పైగా ఒక్క ముక్క తెచ్చుకున్నా మీటరు నిండదు. తిరిగొచ్చి నా గది సావాసగాడికి చెప్పాను. అతను మా పెట్టెల వడ్రంగి. పలాస నుంచి వచ్చి ఈ లైనులో స్థిరపడిన రైల్వే కుటుంబం, క్రైస్తవులు. ఆదివారం ప్రార్థన తప్పడు, మిగతా ఆరు రోజులూ ఏ అల్లరీ తప్పడు. నా కథ విని రంపం పక్కన పడేసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"నవ్వకురా. నా ఉద్యోగం పోతోంది."

"ఏటి పోతాది? రాయి నేకపోతే రాయి సేసేద్దుం. అదేటి బెమ్మవిద్దా?"

ఇంకెప్పుడైనా ఆ మాట అని ఉంటే తిట్టేవాణ్ణి. కానీ సారు ఆ పెట్టె చూడలేదు. డ్రిల్లరు పుస్తకంలో పొడవే తప్ప రాయి సంగతి ఉండదు. అక్కడ ఏ రాయి ఉండాలో కొండకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కొండ చెప్పదు. నేనూ చెప్పకపోతే సరి.

పారేసిన పాత డ్రిల్లింగ్ గొట్టం ఒకటి తెచ్చాం. అడుగున చెక్కబిరడా బిగించి, లోపల గ్రీజు పూశాం. సిమెంటు, సన్న గులకరాళ్లు, ఇసుక, తెల్ల బంకమన్ను, ఖనిజం పొడి కలిపి ఒక్కసారిగా దట్టించాం. రెండు రోజులకి బయటికి తోస్తే బూడిదరంగు దుంగ వచ్చింది. ఎక్కడా గీత లేదు. కల్వర్టుకి పనికొచ్చేది, కొండకి కాదు.

"పొరలేవిరా?" అన్నాడు వడ్రంగి.

అప్పుడు సారు పాఠం గుర్తొచ్చింది. నీళ్లలో దిగాలన్నారు కదా. గొట్టం మళ్లీ శుభ్రం చేసి, సగం నీళ్లు పోసి, కలిపిన పొడి రోజుకి రెండు దోసిళ్లు మాత్రమే వేశాం. భోజనాల వేళ షెడ్డులో ఎవరూ ఉండరు, అదే మా ముహూర్తం. ఏం జరుగుతోందో చూడాలని అదే మోతాదు ఒక గాజుసీసాలో కూడా వేసి చూశాను. నేను మొదటిసారి నోరు వెళ్లబెట్టింది అక్కడే. అన్నీ కలిపి వేసినా కలిసి దిగలేదు. గులకలు దబ్బున అడుక్కి పోయాయి. వాటి మీద ఇసుక. సన్న మన్ను మాత్రం పొద్దుగూకేదాకా నీళ్లలో తిరిగి తిరిగి చివర్న వాలింది. మర్నాటికి నీళ్లు తేరి, పైన నున్నటి చాప పరిచి ఉంది. దాని మీద రెండో రోజు దోసిలి వేస్తే మళ్లీ గులకలే ముందు. కొత్తది పాతదానిలో కలవలేదు, దానిమీద కూర్చుంది. నిన్నటి సన్నమన్నుకీ ఇవాళ్టి గులకకీ మధ్య గీత దానంతటదే పడింది. గీయడానికి మేమేమీ చేయలేదు. మీకు పుస్తకంలో నాలుగు పేజీలున్నది నాకు పచ్చడి సీసాలో కనబడింది. దొంగపని చేస్తూ అంత సంతోషం కలగడం తప్పేమో గానీ, కలిగింది.

గొట్టం నిటారుగా నిలబడక దొర్లిపోతుంటే షెడ్డు గోడకి ఏటవాలుగా చేరేశాం. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు పొరలు వేశాం. శనివారం పైన తేరిన నీళ్లు వంచేశాక వడ్రంగి చేతులు కడుక్కున్నాడు.

"రేపు ఆదివారం. పార్దనకెల్లాల. నాను ముట్టను."

"ఒక్క దోసిలేరా."

"ఒక్క దోసిలైనా దేవుడు సూత్తాడు."

మిగిలిన ఆరు రోజులూ దేవుడు చూడడా అని అడగలేదు. ఒక్కణ్ణే చేసే ధైర్యం లేక నేనూ మానేసి పేకాటకి పోయాను. ఆ రోజు గొట్టం అలాగే ఆరింది. పక్కన గని మెట్టు మీద జరిగిన పేలుళ్ల ఎర్రదుమ్ము తెరిచిన మూతిలో పడి పరుచుకుంది. సోమవారం మళ్లీ నీళ్లు పోసి మొదలుపెట్టాం, ఇంకో ఆరు పొరలు. నాలుగు రోజులు గట్టిపడనిచ్చి కర్రతో తోస్తే జారుకుంటూ బయటికి వచ్చింది. సన్నసన్నగా, ఏటవాలుగా పన్నెండు చారలు. ఒక్కచోట మాత్రం పుటుక్కున విరిగింది, ఆరోదానికీ ఏడోదానికీ మధ్య. పెట్టెలో పెట్టి దూరంగా నిలబడి చూశాం. నిజం చెప్పొద్దూ, పక్కనున్న అసలు కొండకంటే మాదే అందంగా ఉంది.

సారు తనిఖీకి ముందురోజు వచ్చారు. జ్వరం తగ్గి ఇంకా నీరసంగా ఉన్నారు. స్టూలు లాక్కుంటూ పెట్టె పెట్టె చూసుకుంటూ వచ్చి మా మీటరు దగ్గర ఆగారు. భూతద్దం పెట్టారు. నాలుకతో తడిపారు. చాలాసేపు చూశారు. తలెత్తి గోడ చూశారు, గోడ కింద నేల చూశారు.

"ఈ పెట్టె సర్దింది నువ్వేనా?"

"నేనే సార్."

"శుభ్రంగా సర్దావు" అని లేచి వెళ్లిపోయారు.

"నాకి సూసినా కనిపెట్టనేదురోయ్!" అన్నాడు వడ్రంగి. ఆ పూట ఇద్దరం చందా వేసుకుని మిఠాయి తిన్నాం.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద టోపీ, పక్కన రాసుకోవడానికి ఒక గుమాస్తా. హిందీ తప్ప మాట్లాడడు. రాళ్లు తెలిసినవాడని మాత్రం ఒప్పుకోవాలి. ప్రతి పెట్టె దగ్గరా సరైన ప్రశ్న వేశాడు. మా మీటరు దగ్గరికొచ్చేసరికి టోపీ తీసి కింద పెట్టి వంగాడు. గోరుతో గీకాడు, పొడి రాలింది. విరిగినచోట వేలు పెట్టి వాలు చూశాడు. ముఖం మారిపోయింది.

ఈ బోరెక్కడ వేశారని అడిగాడు. లేబర్ గుడిసెల పైన వాలులో అని సారు చెప్పారు. ఆఫీసరు నిటారుగా నిలబడి, గుమాస్తా రాసుకునేట్టు నిదానంగా చెప్పాడు. గట్టిరాయి నడుమ ఇంత మెత్తటి పొర ఉంది. పొరలు వాలుగా ఉన్నాయి. వాన పడితే నీళ్లు ఈ గీతల్లోకి దిగుతాయి, తడిసిన గీత మీద పైకొండంతా జారుతుంది, గుడిసెల మీదికే వస్తుంది. నాలుగు రోజుల్లో గుడిసెలన్నీ ఎత్తించండి. అతను చెడ్డవాడు కాదు. ఆ రాయి నిజంది అయి ఉంటే అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట.

సరిగ్గా అప్పుడే మెస్సు అక్క టీ గ్లాసులు పట్టుకొచ్చింది. ఆఫీసరు హిందీ మరీ వేగం. గుడిసెలన్న మాట ఒక్కటే ఆమె చెవిన పడినట్టుంది.

"ఏమంటుండు తమ్మీ?"

ఆమెకి తెలుగులో చెప్పవలసినవాణ్ణి నేనే. "మీ గుడిసెలు తీసెయ్యాలంటున్నారక్కా. నాలుగు రోజుల్లో."

"ఏందీ? మొన్ననే కప్పేసినం గదా! వానలు మీదికొస్తుండె. పిల్లలను, కోళ్లను ఏస్కొని యాడికి పోవాలె? ఎందుకంట?"

"కొండ జారుతుందట."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఈ రాయి చెప్పింది" అన్నాను. మా మీటరు వైపు వేలు చూపించాను.

ఆమె గ్లాసుల పళ్లెం కింద పెట్టి పెట్టె దగ్గరికి వచ్చింది. ఎవరూ వద్దనేలోపు బొటనవేలితో ఆ రాయిని ఒక్క రుద్దు రుద్దింది. రోజూ రాయి మీద రాయి లాగే చెయ్యి అది. వేలికంటిన బూడిద చూసింది. ఆ పెట్టెలోంచే నేను పొత్రం తీసిచ్చింది. తలెత్తి నన్ను చూసింది. నాలుగు భాషల్లోనూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. నాకు సిగ్గేసింది. భయం కాదు, ముందు సిగ్గే. అయినా నోరు తెరవలేదు. ఇంకో నెలలో పర్మనెంటు, ఆపైన పెళ్లి, ఇవే లెక్క పెట్టుకుంటూ నిలబడ్డాను. దీన్ని ఇప్పుడు రాయడానికి కూడా బాగా లేదు.

స్టూలు మీద కూర్చున్న సారు లేచారు. అందరికీ తెలిసేట్టు హిందీలోనే మాట్లాడారు.

"ఆర్డరు రాసేముందు ఒక్క మాట సాబ్. ఈ పెట్టె సర్దింది ఇతనే. ఇతన్ని అడుగుదాం. ఏమయ్యా, ఈ మీటరు రాయి తయారవడానికి ఎంత కాలం పట్టింది?"

పిల్లవాడికి పరీక్ష పెడుతున్నారనుకుని ఆఫీసరు నవ్వాడు. కోట్ల ఏళ్లు అంటానని ఎదురుచూస్తున్నాడు. సారు ముఖంలో నవ్వు లేదు. గుమ్మంలో వడ్రంగి సుత్తి పట్టుకుని, వద్దురా వద్దురా అని తల అడ్డంగా ఊపుతున్నాడు. అక్క ఇంకా నన్నే చూస్తోంది.

"బారా దిన్, సాబ్" అన్నాను. "బీచ్‌మే ఏక్ ఇత్వార్."

పన్నెండు రోజులు. మధ్యలో ఒక ఆదివారం.

ఆఫీసరు తను సరిగ్గా వినలేదనుకున్నాడు. "బారా లాఖ్ సాల్?" అని, పన్నెండు లక్షల ఏళ్లుగా సరిదిద్దాడు.

"నహీ సాబ్. బారా దిన్."

ఇక దాచడానికేముంది. చేపల పులుసు నుంచి మొదలుపెట్టి పొత్రం, సిమెంటు, గోడ అన్నీ వరసగా చెప్పేశాను. వడ్రంగి సంగతి మాత్రం చెప్పలేదు. ఆఫీసరు రాయి తీసి బల్ల అంచుకి కొట్టాడు. రెండుగా విరిగి, ఒక పొరలోంచి కాలిన బీడీముక్క కింద పడింది.

"శిలాజం కూడా ఉంది సాబ్" అన్నారు సారు.

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. ఇవాళ్టి లారీలోనే వీణ్ణి కొండ దించెయ్యమన్నాడు.

"అయితే నన్నూ దించాలి సాబ్. నాకు నిన్ననే తెలుసు" అన్నారు సారు. విరిగిన ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించారు. "ఇవి ఆరు పొరలు, ఒక్కొక్కటీ ఒకే మందం. తరువాత ఒట్టి ఎండగీత, దానిమీద పేలుళ్ల దుమ్ము. మళ్లీ ఆరు పొరలు. ఏ సముద్రమైనా ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు సెలవు తీసుకుంటుందా? ఇక ఈ వాలంటారా, అది కొండది కాదు, గొట్టం గోడకి ఎంత ఒరిగిందో అంత. గోడ కింద సిమెంటు చుక్కలు కూడా కడగలేదు వీడు."

"నిన్ననే తెలిస్తే ఎందుకు చెప్పలేదు?"

సారు చేతిలో ముక్కలు పెట్టెలో పెట్టేశారు. "పోయినేడు నా రిపోర్టు మీద మీరు ఎర్రసిరాతో చాలా రాశారు. సిమెంటు రాయిని చూసి మీరేమంటారో వినాలనిపించింది. అది నా తప్పు. గుడిసెల దాకా వస్తుందనుకోలేదు. అప్పటికైనా నేను చెప్పేసేవాణ్ణే. వీడు ముందు చెబుతాడేమోనని ఒక్క నిమిషం చూశాను."

ఎవరిని ముందు తిట్టాలో ఆఫీసరుకి తేలలేదనుకుంటాను. చివరికి గుమాస్తా చేతిలోంచి కాయితం లాక్కుని చింపేశాడు. నా పర్మనెంటు ఒక ఏడాది ఆపమన్నాడు. ఇంకెవరైనా కలిశారా అని గద్దించాడు.

"నేనొక్కణ్ణే సాబ్."

"ఆదివారం ప్రార్థనకి ఆగడానికి నీకు పనేముందయ్యా" అన్నారు సారు, ఆఫీసరుకి అర్థం కాకుండా తెలుగులో. గుమ్మంలో వడ్రంగి అప్పటికే మాయమయ్యాడు.

అసలు రాయి ఇప్పుడే చూడాలని ఆఫీసరు పట్టుబట్టాడు. టోపీ పెట్టుకుని మెస్సు వంటింట్లోకి వంగి దూరాడు. అక్క సన్నికల్లుకి అడ్డంగా నిలబడింది.

"ముందుగాల నా గుడిసె సంగతి చెప్పుండ్రి."

"ఉంటుందమ్మా. ఎవరూ ముట్టుకోరు" అన్నారు సారు.

"అట్లయితే చూస్కోండ్రి. కడగలే మరి, మసాలా ఉంది."

సారు పొత్రం అందుకున్నారు. అలవాటు కొద్దీ నాలుక పెట్టారు. బస్తర్ మిరపకాయ అది. కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి, దగ్గు ఆగలేదు. ఆఫీసరు మొదట ఊరుకున్నాడు, తరువాత భుజాలు కదిలాయి, ఆపైన మెస్సు అదిరేలా నవ్వాడు. సారు ఆ కన్నీళ్లతోనే రిజిస్టరు తెప్పించి నా చేత రాయించారు. ఎర్రరాయి, చాలా గట్టిది, చారలు దాదాపు అడ్డంగా ఉన్నాయి, జారే గుణం లేదు. పొయ్యి కింది ముక్కలు కూడా తీసి, కడిగి, పెట్టెలో పెట్టాను. పోయినవి పోయినట్టే రాశాం. వచ్చే సంతలో కొత్త పొత్రం కొని భుజాన మోసుకుంటూ కొండెక్కాను. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది నిజం రాయేనా తమ్మీ?" అంది. ఆ ప్రశ్న ఆమె ఆ తరువాత చాలాకాలం, నేనేమిచ్చినా అడిగేది. ఆ వానాకాలం నేను ప్రతి జల్లు తరువాతా ఏదో పని ఉన్నట్టు వెళ్లి ఆ వాలు చూసొచ్చేవాణ్ణి. ఒక్క పెళ్ల కూడా జారలేదు.

కీమాన్ గారు ఈసారి కబురు పంపలేదు, తనే వచ్చారు. అంతా చెప్పాను. చాలాసేపు బూట్లు చూసుకుని, "ఏడాది ఆగుదుం. మా పిల్లకి మాత్రం నువ్వే చెప్పుకో" అన్నారు. చెప్పాను. ఆవిడ మూడు రోజులు నవ్విందట. పెళ్లయ్యాక కూడా నాలుగోరోజు నుంచి కొనసాగించింది.

ఏడాది తిరిగాక సారు నా రిపోర్టు రాశారు. పంపేముందు నన్ను పిలిచి చదవమన్నారు. విశేష అనుభవం అన్న గడిలో ఇలా ఉంది: "పొరలు ఏర్పడే విధానంలో ఇతనికి ప్రత్యక్ష అనుభవం ఉంది."

"సార్, ఇది పంపుతారా?"

"ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు, కొట్టేస్తాను" అన్నారు.

పంపారు. మా ఆఫీసరు అప్పటికి బదిలీ అయ్యాడు. కొత్తవాళ్లు అది చదివి నన్ను పర్మనెంటు చేశారు. అంతటితో ఆగితే బాగుండేది. ప్రత్యక్ష అనుభవం ఉన్నవాడు కాబట్టి కొత్తగా చేరే ట్రైనీ జియాలజిస్టులకు కోర్ షెడ్డులో పొరల గురించి రెండు గంటలు ఇతనే చెప్పాలని మరో కాయితం పంపారు.

మొదటి క్లాసుకి ఆరుగురొచ్చారు. అందరూ డిగ్రీలవాళ్లు, ఇస్త్రీ చొక్కాలు. మా సారు వెనక్కెళ్లి స్టూలు మీద కూర్చున్నారు. గుమ్మం బయట వడ్రంగి పెట్టె చేస్తున్నట్టు నటిస్తున్నాడు. నేను ఒక ముక్క చేతిలోకి తీసుకున్నానో లేదో, ముందు వరసలో కళ్లజోడు అబ్బాయి చెయ్యెత్తాడు.

"సార్, ఇలాంటి పొరలు ఒక మీటరు ఏర్పడటానికి సుమారుగా ఎంత టైం పడుతుంది?"

బయట సుత్తి చప్పుడు ఆగింది. నేను గుటకలు మింగుతూ వెనక్కి చూశాను. సారు భూతద్దం తుడుచుకుంటున్నారు.

"చెప్పవయ్యా" అన్నారు.